గాలి చాటు బాకీ



ఆషాఢ మాసంలో మంచిర్యాల నుండి కరీంనగర్ వైపు సైకిలు తొక్కినవారికి నైరుతి గాలి గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మబ్బు పట్టి ఉంటుంది, ఎండ ఉండదు. అయినా ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టే ఉంటుంది. బొగ్గు గనుల ఊళ్ళలో పెరిగినవారికి ఇది కొత్త కాదు. ఒకప్పుడు షిఫ్టుకు వెళ్ళే కార్మికునికీ, పల్లె పల్లె తిరిగి జపాలు నేర్పిన ఉపదేశికీ సైకిలే వాహనం. ఇద్దరు కలిసి పోతున్నప్పుడు ఎదురుగాలి కొడితే ఒకరు ముందు, ఒకరు వెనుక నడపడం ఎవరూ నేర్పకుండానే వచ్చేది.

ఆ సైకిలు ఈమధ్య వేరే వేషంలో మళ్ళీ రోడ్డెక్కింది. షుగరు వచ్చిందని డాక్టరు హెచ్చరించినవారు, రిటైరుమెంటు దగ్గరపడినవారు, మోకాళ్ళ నొప్పికి నడక కన్నా ఇదే మేలనుకున్నవారు తెల్లవారుజామునే హెల్మెట్ పెట్టుకొని బయలుదేరుతున్నారు. ఇలాంటి వయసువారికి పెట్టే రోడ్డు పందేలను మాస్టర్స్ పందేలంటారు. చాలా దేశాల్లో 35 దాటినవారిని ఈ తరగతిలో చేర్చుకుంటారు. బతుకుతెరువు కోసం కాదు, జీతం కోసం కాదు. గెలిచినవారికి మెడలో ఒక పతకం, అందరికీ ఒక అరటిపండు. ఇంట్లోవాళ్ళు 'ఈ వయసులో ఎందుకు మీకీ పందేలు?' అంటూనే ఉంటారు. అంత చిన్న పందెంలోనే ఒక పెద్ద ప్రశ్న దాగి ఉంది. దాన్ని మీ ముందు పెట్టాలని ఈ వారం కలం పట్టాను.

ముందు గాలి సంగతి కొంచెం తెలియాలి. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని తోసుకొని పోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవాని కండబలంలో ఎక్కువ భాగం గాలికే ఖర్చయిపోతుంది. అతని వెనుక చక్రానికి దగ్గరగా మరొకరు అంటిపెట్టుకొని వస్తే ఆ రెండవవానికి శ్రమ పావు వంతు నుండి మూడో వంతు దాకా తగ్గుతుంది. వెనుక ఒకరు ఉన్నందువల్ల ముందువానికి కూడా రవ్వంత మేలు జరుగుతుందని పరీక్షల్లో తేలింది. అది రవ్వంతే.

ఇప్పుడు ప్రశ్న. ఒకరు నలభై కిలోమీటర్లు ముందుండి గాలిని చీల్చుకుంటూ పోయారు. రెండవవారు ఆ చాటునే వచ్చారు. చివరి రెండు వందల మీటర్లలో పక్కకు జరిగి, దాచుకున్న బలమంతా తీసి, ముందువారిని దాటేశారు. పతకం రెండవవారిది. ఇది న్యాయమేనా?

రోడ్డు పందెంలో ఇది తప్పు కాదని నియమం చెబుతుంది. పైగా అదే నేర్పు. కానీ ఒక్కొక్కరినీ విడిగా వదిలి గడియారంతో కొలిచే పందెంలో మరొకరి చాటున దాగడం నిషేధం. ఈత, సైకిలు, పరుగు కలిపి పెట్టే ఐరన్‌మ్యాన్ పోటీల్లోనూ అంతే. పట్టుబడితే శిక్షగా కొన్ని నిమిషాలు ఆగిపోవాలి. అంటే ఒకే పని ఒకచోట నేరం, మరొకచోట నేర్పు. కనుక నియమాల పుస్తకం తెరిచి మనస్సాక్షికి జవాబు వెదకలేం.

ఓడినవాని తరఫువాళ్ళు 'మావాడి కష్టం మీద గెలిచాడు' అంటారు. గెలిచినవాని తరఫువాళ్ళు 'ముందుండమని మిమ్మల్ని ఎవరు అడిగారు?' అంటారు. ఈ రెండో మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది గాని, దానికి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. నిజమే, ఎవరూ అడగలేదు. ఒప్పందం లేదు, కాగితం లేదు. అడగకుండా ఇచ్చినదానికి బాకీ ఎక్కడి నుండి పుడుతుంది?

13వ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ గారు ఈ చిక్కును విప్పారు. ఆయనకు సైకిలు తెలియదు, మనిషి తెలుసు. 'సుమ్మా థియొలాజికా' రెండవ భాగంలో ఆయన కృతజ్ఞతను మర్యాదల పద్దులో వేయలేదు, న్యాయమనే సుగుణం పక్కన కూర్చోబెట్టారు. బాకీలు రెండు రకాలంటారు. చట్టం బలవంతాన వసూలు చేయించగలిగినది ఒకటి, మనిషి యోగ్యత మాత్రమే గుర్తు చేయగలిగినది మరొకటి. ఉచితంగా పొందిన మేలు ఈ రెండో రకానిది. కోర్టుకు ఈడ్వలేము గనుక అది బాకీ కాదనడానికి వీలులేదు. అలా ఈడ్వలేకపోవడమే దాని స్వభావం.

కృతఘ్నతలో కూడా ఆయన మెట్లు చూపించారు. మేలుకు ప్రతిమేలు చేయకపోవడం ఒక మెట్టు. మేలు పొందానని పైకి ఒప్పుకోకపోవడం దానికన్నా దిగువ మెట్టు. అసలు మేలు జరిగిందనే గుర్తించకపోవడం, మరచిపోవడం అన్నిటికన్నా అడుగు మెట్టు. మనమైతే వరుస తిప్పి పెట్టేవాళ్ళం. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి దొంగ అంటాం, మరచినవాణ్ణి పాపం మతిమరుపు అని వదిలేస్తాం. అక్వినాస్ గారు అలా వదలలేదు.

దీన్ని పందెం దగ్గరే ఆపేయలేను. మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఇళ్ళు చూడండి. దుబాయి, మస్కట్, కువైట్ పోయిన తండ్రులు ఎందరు! ఎడారి ఎండలో ఇటుకలు మోసి, ఒక గదిలో పదిమంది పడుకొని, రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇంటికి వచ్చి పోయిన తండ్రులు. ఇక్కడ అమ్మ చాట ఒళ్ళో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టింది. ఆ దుమ్ముకు దగ్గు పట్టినా వెయ్యి బీడీల లెక్క పూర్తి కానిదే లేవలేదు. అక్క పదో తరగతితో చదువు ఆపి అమ్మ పక్కన చాట పట్టుకొని కూర్చుంది. ఆ చాటున తమ్ముడు ఇంజినీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం సంపాదించాడు. సన్మానం జరిగితే మైకు ముందు 'నేను స్వయంకృషితో పైకి వచ్చాను' అంటాడు. అబద్ధమాడుతున్నానని అతనికి తెలియదు. గాలి చాటున వచ్చినవానికి గాలి తెలియదు కదా. చుట్టూ ప్రశాంతంగా ఉంటే 'ఈరోజు గాలి లేదు' అనుకుంటాడు. ఆ అడుగు మెట్టుకు మనిషి జారిపోయేది చెడ్డతనం వల్ల కన్నా ఈ ప్రశాంతత వల్లనే ఎక్కువని నాకనిపిస్తుంది.

నిజంగా ఎవరి చాటూ లేకుండా తొక్కినవారు లేరా? ఉన్నారు. ఫ్రాన్సు దేశస్థుడు రాబర్ట్ మార్షాన్ 2017 జనవరి 4న, తన 105వ ఏట, ట్రాక్ మీద ఒంటరిగా గంటసేపు తొక్కి 22.547 కిలోమీటర్లు వెళ్ళారు. ఆ వయసువారికి అంతకుముందు తరగతే లేకపోతే ఆయన కోసం ఏర్పాటు చేశారు. 2021లో 109 ఏళ్ళకు మరణించారు. ఆ గంటసేపు ఆయన ముందు ఎవరూ లేరు. అయితే నూరేళ్ళు దాటాక ఆయన బలం పెరిగేలా సాధన నడిపించిన శాస్త్రవేత్త ఒకరున్నారు, పేరు వెరోనిక్ బిలా. ఒంటరి చక్రం వెనుక కూడా ఒక పేరు ఉంది.

పునీత పౌలుగారికి పరుగు పందెమంటే ఇష్టం. కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో పరుగెత్తేవారు అందరైనా బహుమతి ఒక్కరికేనని గుర్తు చేస్తారు. గలతీయులకు వ్రాసిన లేఖ ఆరవ అధ్యాయంలో ఒకచోట ఒకరి భారాన్ని ఒకరు మోయాలంటారు. మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వారే మోసుకోవాలంటారు. చదివేవారికి ఇది తికమక. సైకిలు పందెంలో గుంపుగా పోయినవానికి తికమక ఉండదు. నీ తొక్కుడు నీదే, నీ కాళ్ళకు బదులు ఎవరూ తొక్కరు. కానీ గాలిని పంచుకోవచ్చు.

పంచుకోవడానికి గర్వం అడ్డు వస్తుంది. నడివయసు మగవారిలో ఇది మరీ ఎక్కువ. చిన్నవాడి వెనుక దాక్కోవడమేమిటని ఒంటరిగా గాలికి ఎదురు తొక్కి, సగం దారిలో కూలబడేవారున్నారు. తపస్సుకాలపు శుక్రవారాల్లో సిలువ మార్గం ఐదవ స్థలం దగ్గర మనం ఏం ధ్యానిస్తాం? కురేనీయుడైన సీమోను సిలువ మోశాడు. సీమోనును మెచ్చుకొని ఆరవ స్థలానికి కదులుతాం. ఆ భుజాన్ని క్రీస్తు ప్రభువు వద్దనలేదన్న సంగతి దగ్గర ఎందుకో ఎక్కువసేపు నిలబడం. మార్కు సువార్తికుడు ఇంకొక పని చేశాడు. ఆ సీమోను అలెగ్జాండరు, రూఫుల తండ్రి అని పిల్లల పేర్లతో సహా వ్రాసిపెట్టాడు. మేలు చేసినవాని పేరు పోకూడదని కాకపోతే మరెందుకు?

ఇక బాకీ తీర్చడం. గుంపుగా తొక్కేవారిలో వంతులుంటాయి. కాసేపు ఒకరు ముందుంటారు, తరువాత మరొకరు. వంతు తీసుకోగలిగి కూడా దొంగాట ఆడి, వెనుకే ఉండి, చివర దూకి గెలిచేవాణ్ణి నియమం ఏమీ అనదు గాని తోటివారు మరచిపోరు. మరి 58 ఏళ్ళవానికి 38 ఏళ్ళవాని ముందుకు వెళ్ళి వంతు తీసుకునే బలం లేకపోతే? అతడు చాటున రావచ్చు, అందులో సిగ్గుపడవలసింది లేదు. కాకపోతే చివర్లో తనను మోసుకొచ్చినవానితో పతకానికి పోటీపడకుండా ఉండటం మర్యాద. ఈ మర్యాద ఏ పుస్తకంలోనూ లేదు. అక్వినాస్ గారు చెప్పిన ఆ రెండో రకపు బాకీ ఇదే. ఆయన ఇంకో మాట కూడా అన్నారు: మేలు తీర్చడానికి మరీ తొందరపడటం కూడా మంచిది కాదు. నీ బాకీ నాకొద్దు, ఇదిగో తీసుకో అన్నట్టు ఉంటుందది. ఐదు నిమిషాల చాటుకు వెంటనే ఐదు నిమిషాల చాటు లెక్కగట్టి ఇస్తే అది బేరం. పెళ్ళి చదివింపుల పుస్తకం పెట్టుకొని లెక్కలు సరిచూసే మనకు ఈ మాట కొంచెం గుచ్చుకోవాలి.

లెక్క లేకుండా ఇచ్చినవారికి ఒక ఉదాహరణ. జీనో బర్తాలి 1914లో ఇటలీలోని ఫ్లారెన్సు దగ్గర పుట్టిన కథోలిక విశ్వాసి. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1938లో ఒకసారి, పదేళ్ళ తరువాత 1948లో మరోసారి గెలిచారు. ఆ మధ్య యుద్ధకాలంలో, సాధన చేస్తున్నట్టు కనబడుతూ, యూదులను కాపాడే దొంగ గుర్తింపు పత్రాలను సైకిలు గొట్టాల్లో దాచి ఫ్లారెన్సు నుండి అస్సీసి దాకా చేరవేశారు. ఈ పనిలో ఫ్లారెన్సు కార్డినల్ ఎలియా దల్లా కోస్తా గారి ప్రోత్సాహం ఉంది. బర్తాలి దీన్ని బయట చెప్పుకోలేదు. 2000లో మరణించారు. ఇశ్రాయేలు దేశం ఆయనను నీతిమంతుల జాబితాలో చేర్చింది 2013లో.

ఆయన 1952 టూర్‌లో మళ్ళీ తొక్కారు, 38వ ఏట. నేటి లెక్కలో మాస్టర్స్ వయసు. గెలిచినది ఆయన చిరకాల ప్రత్యర్థి, తనకంటే ఐదేళ్ళు చిన్నవాడైన ఫౌస్తో కొప్పి. బర్తాలిది నాలుగవ స్థానం. ఆ పందెంలో కొండ ఎక్కుతుండగా తీసిన ఒక ఫోటో ఉంది: ఒక నీళ్ళ సీసా ఇద్దరి చేతుల మధ్య ఉంటుంది. ఎవరు ఎవరికి ఇచ్చారో ఫోటోలో తెలియదు. ఇటలీ వాళ్ళు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. మన ప్రాంతంలో సేవ చేసిన పీమే గురువుల సభ పుట్టిన మిలాను నగరానికి ఉత్తరాన, కోమో సరస్సు దగ్గర కొండ మీద గిసాల్లో మాత గుడి ఉంది. 1949లో పన్నెండవ పియుసు పోపుగారు ఆ తల్లిని సైకిలు తొక్కేవారికి పాలకురాలిగా ప్రకటించారు. బర్తాలి సైకిలు, కొప్పి సైకిలు రెండూ ఆ గుడిలోనే ఉన్నాయి.

ఇంతవరకు వెనుక ఉన్నవాని బాకీ గురించే చెప్పాను. ముందున్నవానికీ ఒక ప్రమాదం ఉంది. ఎంతకూ పక్కకు తప్పుకోడు. బలం తగ్గిందని కాళ్ళు చెబుతున్నా వినడు. అతడు నెమ్మదిస్తే గుంపంతా నెమ్మదిస్తుంది. కోడలికి తాళంచెవులు ఇవ్వని అత్తగారిలో, ఇరవై ఏళ్ళుగా విచారణ సంఘంలో అదే కుర్చీ పట్టుకున్న పెద్దమనిషిలో ఈ మనిషిని మీరు చూసే ఉంటారు. నేను మోశాను గనుక నేనే మోయాలి అంటాడు. అందులో ప్రేమ ఎంతో, పెత్తనం ఎంతో అతనికే తెలియాలి.

తెలిసిన రౌతు వంతు అయిపోగానే మోచెయ్యి కొంచెం ఆడించి పక్కకు జరుగుతాడు. గుంపు తనను దాటుతుండగా నెమ్మదిగా వెనక్కి జారి, చివరి చక్రం పట్టుకోవాలి. ఆ క్షణం చాలా కష్టమైనది, ఎందుకంటే అప్పుడే అతడు అలసి ఉంటాడు. కొత్తగా ముందుకు వచ్చిన కుర్రవాడు ఉత్సాహం కొద్దీ వెంటనే వేగం పెంచేస్తే ఆ చివరి చక్రం అతనికి అందదు. ఇంతసేపు అందరికోసం గాలిని చీల్చినవాడు ఒక్కడే గాలిలో మిగిలిపోతాడు. అందుకే అనుభవమున్న గుంపుల్లో ముందుకు వచ్చినవాడు పాత వేగమే కాసేపు ఉంచుతాడు. వెనుక నుండి 'వచ్చేశాను' అనే కేక వినబడిన తరువాతే పెడలు మీద బలం పెంచుతాడు.