ఆకలి ముందు అంగీకారము

బేరము కుదరనప్పుడు లేచిపోవుటకు ఇద్దరికిని దారి ఉండవలెను. కరవు సంవత్సరమున రైతు పొలమును పావు ధరకు వ్రాయించుకొన్నవాని దస్తావేజు కోర్టులో నిలిచినను, ఊరివారు దానిని బేరమనరు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనల విషయమున ఈ పాత ప్రశ్నయే మిక్కిలి కఠినముగా ఎదురైనది.

తూర్పు కాంగోలోని బునియా పట్టణమున, యుద్ధమునకు ఇల్లు విడిచిన జనులు శిబిరములలో తలదాచుకొనిరి. వారిని కాపాడవచ్చిన సైనికులలో కొందరు అక్కడి స్త్రీలను, బాలికలను కొద్దిపాటి తిండికో డబ్బుకో లోబరచుకొనుచున్నారని 2004లో బయటపడినది. ఆ ధర సగటున ఒకటి మొదలు మూడు డాలర్లని జోర్డాను రాజకుమారుడు జైద్ 2005లో సమర్పించిన నివేదికలో కలదు. బలాత్కారములు కూడ జరిగినవి. వానిని నేరమనుటకు ఎవరికిని సందేహము లేదు. చిక్కంతయు, "డబ్బిచ్చితిని, ఆమె ఒప్పుకొన్నది" అనువాని వద్దనే.

వానికి జవాబు అంతకు ముందే, 2003 అక్టోబరులోనే, సమితి ప్రధాన కార్యదర్శి ప్రకటనలో ఉన్నది. ఎదుటివారి నిస్సహాయతను గాని, బలాబలముల తేడాను గాని, నమ్మకమును గాని కామమునకు వాడుకొనుట దోపిడీ, ప్రయత్నించినను దోపిడీయే. డబ్బు, కొలువు, సరుకు, సాయము, దేనిని ఎరగా చూపినను తప్పే. పదునెనిమిది ఏండ్లు నిండనివారి విషయమున స్థానిక చట్టము చెల్లదు. వయస్సు తెలియదనుటయు చెల్లదు.

ఇద్దరు బిడ్డల తల్లి తన మేలు తానెరిగి ఒప్పుకొన్నచో, ఆ ఒప్పుకోలు చెల్లదనుట ఆమెను పసిపిల్లగా చూచుట కాదా అని కొందరి ఆక్షేపణ. తోసివేయదగిన మాట కాదు. అయితే ఆ నియమము ఆమె మనస్సును తూచుట లేదు, అతని చేతిలోని మూటను తూచుచున్నది. ఆ బియ్యము, ఆ రక్షణ అతని సొత్తు కావు. ఆమెకు ఊరకయే చేరవలసినవి. యజమాని సరుకును గుమాస్తా తన లాభమునకు అమ్ముకొన్నచో, కొన్నవాడు సంతోషముగా కొనెనని చెప్పి ఏ కొట్టులోను తప్పించుకొనలేడు.

ధర లేని ప్రేమ మాట యేమి? సాయము పొందువారితో అట్టి సంబంధములు వలదని ప్రకటన గట్టిగా వారించినదే గాని పూర్తిగా నిషేధింపలేదు. అక్కడ గీత పలుచబడినది.

శిక్ష సంగతి మరింత పలుచన. సైనికుని నేరమును విచారించు అధికారము అతనిని పంపిన దేశమునకే కలదు. 2007లో హైతీ నుండి వందమందికి పైగా శ్రీలంక సైనికులను ఇంటికి పంపిరి. సైనికుడు విమానమెక్కిన తరువాత, పుట్టిన బిడ్డకు భరణము ఏ దేశపు కోర్టులో, ఏ భాషలో అడుగవలెనో ఆ తల్లికి తెలియదు.