పెరటిలోని అశ్వత్థము

ధర్మపురిలోని మా పెరటిగోడ పగులులో పక్షి వేసిన విత్తు మొలచి, మోకాలెత్తు రావిమొక్క అయినది. కోడలు దినదినము చెంబెడు నీరు పోయుచున్నది. ఉంచవలెనా, తీయవలెనా?

గీత పదవ అధ్యాయమున భగవానుడు వృక్షములలో తాను అశ్వత్థమునని చెప్పెను; కావున ఉంచుమని కొందరనిరి. పదునైదవ అధ్యాయమున అశ్వత్థమును అసంగమను శస్త్రముతో ఛేదింపుమనెను. కావున నరుకుమని మరికొందరనిరి. అక్కడ ఛేదింపదగినది సంసారవృక్షము. అది మన మమకారమే కాని పెరటిచెట్టు కాదు.

రావివేళ్లు గోడలను చీల్చును. మా గోడకావల పొరుగువారి మట్టియిల్లు కలదు. నా ప్రదక్షిణ పుణ్యమునకై వారి గోడ కూలుట ధర్మమగునా?

మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమర్రి ఎకరముల మేర వ్యాపించినది. 2018లో దానికి చెదలు పట్టగా, రోగికి సెలైన్ ఎక్కించినట్లు మందెక్కించి కాపాడిరి. తగిన చోటనున్న చెట్టును లోకమే పోషించును. మఱ్ఱికి బంధువైన రావికి మా పెరడు చాలదు.

కావున తొలకరి పడగానే రెండిటుకలూడదీసి, వేరు తెగకుండ మొక్కను తీసి, పెద్దల అనుమతితో గుడివెనుక బయలున నాటితిమి. కోడలి చెంబు ఇప్పుడచ్చటికే పోవుచున్నది. మ్రానైన పిమ్మట నరకుట హింస. మొక్కనాడే తరలించుట వివేకము. పెరటిలో తెగినది “నాది” యను మాట మాత్రమే.