పునాది వరకే కట్టిన ఇల్లు

పేదవాని కోసం కట్టిన ఇంటికి బహుమానం పుచ్చుకోవటం న్యాయమేనా? ఈ ప్రశ్న మొదట వేసింది నేను కాదు. 2023 జనవరి 24న అహమ్మదాబాదులో వాస్తుశిల్పి బాలకృష్ణ విఠల్‌దాస్ దోషీ మరణించారు. ఆ తరువాత కొద్దిరోజులకు నెల్లూరులో కొందరు విద్యార్థులు చిన్న సమావేశం పెట్టుకొని, ఆయన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను ఇంజనీరును కాను, సముద్రపు ఒడ్డు పల్లెల బళ్ళలో ముప్ఫైయేళ్ళు పాఠాలు చెప్పిన పంతుల్ని. ఇళ్ళ స్థలాల సభల్లో మాట్లాడుతుంటాను గనుక పిలిచి ఉంటారు.

నా మాటలు అయిపోగానే ఒక యువ అధ్యాపకుడు లేచాడు. "ప్రిట్జ్‌కర్ బహుమానమంటే హోటళ్ళ కోటీశ్వరుల సొమ్ము. అది పుచ్చుకొన్నవాడు పేదల కోసం గీసిన బొమ్మ ఆ సొమ్ముకు అలంకారం తప్ప మరేమిటి?" అన్నాడు. ప్రిట్జ్‌కర్ కుటుంబానిది హయత్ హోటళ్ళ సంపద అన్నమాట నిజమే. నాకు ఆ వేళ సరైన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ జవాబే, అయితే అది పూర్తిగా దోషీ పక్షాన ఉండదు.

మన భాషలో ఈ వృత్తికి పెద్ద అన్యాయమే జరిగింది. వాస్తు అనగానే ఆగ్నేయంలో వంటిల్లూ, ఈశాన్యంలో నుయ్యీ, గోడ పడగొట్టించే సిద్ధాంతీ గుర్తుకొస్తారు. వాస్తుశిల్పి కవిలాగా, చిత్రకారుడిలాగా చర్చించదగిన కళాకారుడని మన పత్రికలు ఏనాడూ అనుకోలేదు. కథకుణ్ణి "నువ్వు ఎవరి పక్షం?" అని నిలదీస్తాం. పదివేలమంది బతికే ఇళ్ళను నిర్ణయించేవాణ్ణి మాత్రం అడగం.

దోషీ 1927లో పూనాలో, కర్రసామాను తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. 1951లో పారిస్ వెళ్ళి కార్బూజియే వద్ద పనిచేసి, ఆ గురువు అహమ్మదాబాదులో తలపెట్టిన కట్టడాలను దగ్గరుండి కట్టించటానికి 1954లో తిరిగివచ్చాడు. వాటిలో ఒకటి మిల్లు యజమానుల సంఘ భవనం. 1918లో గాంధీజీ నాయకత్వాన కార్మికులు సమ్మె చేసిందీ ఆ ఊరి మిల్లుల్లోనే. అంటే ఆధునిక భారతీయ వాస్తుకళ మొదట నిలబడింది నూలుమిల్లుల లాభాల మీద. దీన్ని దాచవలసిన పనీ లేదు, దీనితోనే ఆ మనిషిని తీసిపారేయవలసిన పనీ లేదు. మన కావ్యాలు మాత్రం ఎవరి సొమ్ముతో వెలిశాయి?

అదే 1954లో ఆ యువకుడు, అట్టడుగు వర్గానికి తగిన నివాసం కల్పించటాన్ని ప్రమాణంగా స్వీకరించి జీవితాంతం గుర్తుంచుకోవాలని అనుకొన్నాడట. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానం భారతీయుల్లో మొదటగా ఆయనకు వచ్చినప్పుడు ఈ మాటను అందరూ తలచుకొన్నారు. ప్రమాణాలు చేయటం సులభం. ఇరవయ్యేడేళ్ళ వయసులో మనమందరం చేసినవాళ్ళమే. నిలుపుకోవటానికి ఆయనకు ఎటువంటి అవకాశాలు దొరికాయన్నదే చూడాలి.

1962లో ఆయన అహమ్మదాబాదులో వాస్తుకళాశాల స్థాపించాడు. బెంగుళూరులో మేనేజిమెంటు విద్యాసంస్థ కట్టాడు. తెలుగుదేశంలోనూ ఆయన చేయి పడింది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ ఉద్యోగులకు హైదరాబాదులో 1968 నుంచి 1971 వరకు కట్టిన కాలనీకి రూపకర్త ఆయనే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసేవానికి యజమాని ఉన్నాడు, జీతం ఉంది, యూనియన్ ఉంది. కనుక వానికి ఇల్లు వచ్చింది, ఆ ఇంటికి మంచి వాస్తుశిల్పీ వచ్చాడు. సముద్రం మీద వేటకు పోయేవానికి యజమాని ఎవరు? వాని ఇంటి బొమ్మ ఎవరు గీస్తారు?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

2004 డిసెంబరు 26న సునామీ మా తీరాన్ని కొట్టింది. అప్పుడు నేను పనిచేస్తున్న పల్లెలో పట్టపువారి గుడిసెలు చాలా పోయాయి. సరుగుడు వాసాలు, తాటాకు కప్పు, ముందు ఒక పంచ, పంచలో వల, పక్కన ఎండుచేపలకు నేల. ఇదీ ఆ ఇల్లు. కొన్నాళ్ళకు ఒక దాతృసంస్థ ముందుకు వచ్చి, ఒడ్డుకు దూరంగా కాంక్రీటు కాలనీ కట్టిస్తామన్నది. నేను గ్రామ కమిటీలో ఉన్నాను. సంతోషంతో ఊగిపోయాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఎంత పనిచేసిందో కళ్ళారా చూసినవాణ్ణి. "తాటాకు కింద ఇంకెంతకాలం చస్తారు?" అని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. వద్దన్నవాళ్ళను వెనకబడినవాళ్ళని కోప్పడ్డాను. అభ్యుదయమంటే కాంక్రీటు అని నాకు అప్పుడు గట్టి నమ్మకం.

ఇళ్ళు వరసగా, ఒకే కొలతలో, అగ్గిపెట్టెల్లాగా వచ్చాయి. ఒక గది, ఒక వంటమూల, తలుపు తీస్తే తిన్నగా బాట. ఏడాది తిరగకముందే ప్రతి ఇంటి ముందూ తాటాకు పందిరి లేచింది. సగంమంది మగవాళ్ళు రాత్రుళ్ళు ఒడ్డునే, పడవల దగ్గర పడుకొనేవారు. సర్వే చేయవచ్చిన ఒక ఉద్యోగి ఆ పందిళ్ళు చూసి, వీళ్ళకు ఇళ్ళిచ్చినా గుడిసె బుద్ధి పోదని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులో ఉంది.

తరువాత ఒకనాడు, చేపల తట్ట దించి కూచున్న ఒక ముసలమ్మను అడిగాను, ఏం లోటని. "పడుకునేదానికి చోటుండాది అయివోరా, కూచునేదానికే చోటు లేదు" అన్నది. "ఈడ నుంచి సముద్రం అగపడదు. గాలి ఎట్ట తిరిగిందో తెలీకుండా పిలకాయలు వేటకెట్ట పోతారు?" అని మళ్ళీ తనే అడిగింది. మేము ఆ ఇళ్ళు కట్టించేముందు వేసిన ప్రశ్నల్లో ఈ రెండూ లేవు. కాంక్రీటు మీద మా నమ్మకాన్ని ఉప్పుగాలి కూడా నెమ్మదిగా తినేసింది. చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, కప్పు పెచ్చులు రాలటం మొదలుపెట్టింది. తాటాకు పోతే వాళ్ళు మళ్ళీ కప్పుకొనేవారు. స్లాబు పగిలితే బాగుచేయటం వాళ్ళ చేతిలో లేదు.

దోషీ ఇండోరులో చేసిన పని నాకు బోధపడింది ఈ అనుభవం తరువాతనే. అరణ్య అని ఆ కాలనీ పేరు. 1980ల్లో ఇండోరు అభివృద్ధి సంస్థ కోసం తలపెట్టింది. ఆరున్నరవేల ఇళ్ళకు సరిపడే జాగాలు. వాటిలో నూటికి అరవైఅయిదు వంతులు అతి పేదలకు. చిన్న జాగా ముప్ఫైఅయిదు చదరపు మీటర్లు. ఆయన అందరికీ ఇళ్ళు కట్టలేదు. పునాది వేశాడు, మరుగుదొడ్డి, నీళ్ళకొళాయి, కరెంటు, మురుగుకాలువ ఇచ్చాడు, మిగతాది ఆ కుటుంబమే సంపాదనను బట్టి కట్టుకోవాలన్నాడు. ఇట్లా కట్టుకోవచ్చునని చూపటానికి మాత్రం ఎనభై ఇళ్ళు కట్టి చూపాడు. వాటిలో అరుగులు, బయటిమెట్లు, చిన్న వసారాలు రకరకాలుగా ఉంటాయి. ఖరీదైన జాగాలు కలిగినవాళ్ళకు అమ్మి, ఆ డబ్బుతో పేదలభాగం ఖర్చు కొంత పూడ్చారు. దీనికి 1995లో ఆగాఖాన్ బహుమానం వచ్చింది.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో పట్నాల్లో పేదలకు ఇచ్చింది సెంటు. సెంటంటే సుమారు నలభై చదరపు మీటర్లు, అరణ్యలోని చిన్న జాగాకంటే కాస్త ఎక్కువే. కాబట్టి తేడా కొలతలో లేదు. జాగా చేతికి రాకముందే మురుగు ఎటు పోతుంది, నీడ ఎక్కడ పడుతుంది, అరుగు మీద కూచున్న ఆడవాళ్ళకు వీధిలో ఏమి కనబడుతుంది, కొట్టు పెట్టుకొనేవాడు ఎక్కడ పెట్టుకొంటాడు అని ఎవరైనా కూచుని ఆలోచించారా లేదా అన్నది తేడా. మా ముసలమ్మ అడిగింది ఈ ఆలోచననే.

నా యువ మిత్రుడు దీనికి ఒప్పుకోడని తెలుసు. ఆయన చేతిలో గట్టి ఆయుధమే ఉంది. 1872లో ఎంగెల్స్ ఇళ్ళ సమస్య మీద రాసిన వ్యాసాల్లో, కార్మికునికి సొంత కొంప కట్టబెట్టటం సమస్యకు పరిష్కారం కాదన్నాడు. అది వాణ్ణి ఒకచోట కట్టిపడేస్తుంది, మిగిలిన అద్దెను యజమాని కూలి తగ్గించి లాక్కొంటాడు. పైగా జాగా చూపించి కట్టుకోమనే పద్ధతిని 1970ల్లో దేశదేశాల్లో ప్రచారం చేసింది ప్రపంచబ్యాంకు. మనకు దగ్గరలో మద్రాసు అరుంబాక్కంలో, 1977లో మొదలైన బ్యాంకు పథకం కింద ఇచ్చినవీ ఇటువంటి జాగాలే. పగలంతా ఇతరుల మేడలు కట్టిన కూలీ, రాత్రి తన గోడ తానే పెట్టుకోవాలి. ప్రభుత్వం చేతులు కడుక్కొంటుంది. దీన్ని స్వేచ్ఛ అనటం కంటే ఎగతాళి ఉందా?

ఈ విమర్శలో సగం నిజమని ఒప్పుకొంటాను. మిగతా సగానికి మన ఉద్యమమే జవాబు చెప్పింది. ఎర్రజెండా పట్టుకొని మన కూలీలు అడిగిందేమిటి? ఇళ్ళ స్థలాలు. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు మనుషులు ప్రాణాలు ధారపోసింది భూమి కోసం, ఇంటి జాగా కోసం. అక్కడెవరూ ప్రపంచబ్యాంకు పాఠం వల్లించలేదు. కట్టుకోవటం చేతనైన జనం వాళ్ళు, నిలబడే నేల మాత్రం వాళ్ళది కాదు. పునాది వరకే ఇచ్చి తప్పుకోవటం మోసమా, గౌరవమా అన్నది బొమ్మలో తేలదు. నేలా, నీళ్ళూ, కూలీ, పట్టా ఇచ్చి తప్పుకొంటే గౌరవం. అవి ఇవ్వకుండా తప్పుకొంటే మోసం. ఒకే బొమ్మ రెండింటికీ పనికొస్తుంది! దోషీ కళలోని బలహీనత నాకు కనబడేది ఇక్కడే. రెండోదాన్ని అడ్డుకొనే శక్తి ఆ బొమ్మకు లేదు. జాగా విలువ పెరిగేకొద్దీ అవసరానికి అమ్ముకొని పోయే పేదవాణ్ణి ఏ అరుగూ ఆపలేదు.

ఇక బహుమానం సంగతి. దోషీ అహమ్మదాబాదులో చిత్రకారుడు హుస్సేన్ కోసం నేలలోపల ఒక గుహలాంటి చిత్రశాల కట్టాడు. పలచటి సిమెంటు గుమ్మటాలకు పగిలిన పింగాణీ పెంకులు అతికినది. దాన్ని పెద్ద యంత్రాలు లేకుండా, చేతి పనిముట్లతో కట్టింది ఆదివాసీ కూలీలని అందరూ మెచ్చుకొంటూ రాస్తారు. ఆ కూలీల పేర్లు మాత్రం ఎక్కడా నా కంటపడలేదు.

దీని పక్కన టర్కీ దేశపు ఉదాహరణ ఒకటి పెడతాను. నాయిల్ చకిర్‌హాన్ కవి. నాజిమ్ హిక్మెత్‌తో కలిసి 1930లో ఒక కవితల పుస్తకం వేసినవాడు, వామపక్ష భావాలకు జైలు చూసినవాడు. వాస్తుకళ ఏ బడిలోనూ చదవలేదు. అక్యాకా అనే సముద్రతీరపు పల్లెలో పాత పద్ధతిలో, ఊరి వడ్రంగుల చేత తన ఇల్లు తాను కట్టించుకొన్నాడు. 1983లో ఆ ఇంటికి ఆగాఖాన్ బహుమానం వస్తే చదువుకొన్న వాస్తుశిల్పులు కొందరు మండిపడ్డారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పాత చూరు అందంగా ఉందని కొత్త జీవితాన్ని దాని కిందికి దూర్చటం అభ్యుదయం కాదు. కాని ఆగాఖాన్ బహుమానంలో ఒక మంచి అలవాటుంది. వాస్తుశిల్పితో పాటు కట్టించినవాణ్ణీ, అవసరమైతే మేస్త్రీనీ వడ్రంగినీ కూడా గుర్తిస్తుంది. ప్రిట్జ్‌కర్‌కు ఆ అలవాటు లేదు, అది వ్యక్తికి ఇచ్చే కిరీటం. అరణ్యలో గోడలు లేపినవి వేల కుటుంబాలు. ఆ ఘనతకు ఒక మనిషి మెడలో పతకం వేయటం, నవల బాగుందని కాగితం మిల్లుకు సన్మానం చేయటమంత వింత కాకపోయినా, దానికి చుట్టమే. దోషీ పుచ్చుకోకుండా ఉండవలసిందని నేననను. పుచ్చుకొన్నందువల్లనే కదా, నెల్లూరులో పదిమంది విద్యార్థులు పేదవాని ఇంటిని గురించి ఒక సాయంకాలం మాట్లాడుకొన్నారు.

ఆ సమావేశంలోనే వెనకవరసలోని ఒక కుర్రవాడు, మా పల్లెవాడే, ఇంకొక ప్రశ్న వేశాడు. సునామీ తరువాత ప్రమాదమని తమవాళ్ళను ఒడ్డునుంచి లోపలికి పంపారు గదా, తీరంనుంచి అయిదువందల మీటర్లలో కట్టడాలకు 1991 నుంచే కట్టుబాట్లు ఉన్నాయి గదా, మరి అదే ఒడ్డున రొయ్యలగుంటలూ రేవులూ ఎట్లా వచ్చాయి అని. 1996లో సుప్రీంకోర్టు రొయ్యలగుంటల మీద తీర్పు చెప్పిన సంగతీ, 2008లో కృష్ణపట్నం కొత్త రేవు మొదలైన సంగతీ చెప్పాను. వాడు అడిగింది అది కాదు. తమ అవ్వకు సముద్రం కనబడే చోట ముప్ఫైఅయిదు చదరపు మీటర్లు ఎవరిస్తారని అడిగాడు. యువ అధ్యాపకుడూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాం. ఆయన వచ్చే ఆదివారం ఆ పల్లెకు వస్తానన్నాడు. వచ్చాడు కూడా. మేమిద్దరం పందిరి కింద కూచుని, రెవెన్యూ ఆఫీసుకు ఇవ్వవలసిన అర్జీ రాశాం.