పది డాలర్లు, అయిదు డాలర్లు

డిగ్రీలో చరిత్ర చదువుతున్న మా మేనకోడలు మొన్న ఆదివారం నాతో వాదనకు దిగింది.

"మావయ్యా, అమెరికా అంతర్యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమట కదా? బానిసత్వం ఒక సాకేనట."

"ఏం చేసుకునే హక్కు అని అడిగావా? 1850 నాటి పరారీ బానిసల చట్టం చూడు. పారిపోయి ఉత్తరాదికి చేరిన మనిషిని పట్టుకుని కమిషనర్ ముందు నిలబెడతారు. జ్యూరీ ఉండదు. తన తరఫున తానే సాక్ష్యం చెప్పుకోకూడదు. బానిసేనని తేల్చి వెనక్కి పంపితే కమిషనర్‌కు పది డాలర్ల ఫీజు. వదిలేస్తే అయిదు."

"తీర్పును బట్టి ఫీజా!"

"పంపేటప్పుడు కాగితాల పని ఎక్కువని కారణం చెప్పారు. పారిపోయినవాడికి ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. 1854లో అలా పారిపోయి వచ్చి పట్టుబడిన ఆంథొనీ బర్న్స్‌ను బోస్టన్ వీధుల్లో సైనికుల కాపలాతో ఓడ దగ్గరికి నడిపించారు. జనం కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. ఉత్తరాది రాష్ట్రాలు ఈ చట్టానికి అడ్డుపడుతున్నాయన్నది 1860 డిసెంబరులో విడిపోయిన సౌత్ కరొలైనా చేసిన ఫిర్యాదుల్లో ఒకటి. తన హక్కు అంటున్న రాష్ట్రం పక్క రాష్ట్రం హక్కును ఒప్పుకోలేదు. అన్యాయం తన పెరట్లో తాను పడి ఉండదమ్మా. పొరుగువాడి చెయ్యి కూడా అడుగుతుంది."

"కానీ లింకన్ ఉన్నచోట బానిసత్వం జోలికి పోనన్నాడుగా?"

"కొత్త భూభాగాల్లోకి మాత్రం పాకనివ్వనన్నాడు. అలా ఆపే అధికారం కాంగ్రెసుకే లేదని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక మధ్యేమార్గం ఏది?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆరు లక్షల మందికి పైగా పోయారు మావయ్యా. ఇంకొక్కసారి రాజీపడి ఉంటే?"

"1820లో పడ్డారు, 1850లో పడ్డారు. బానిసలు దాదాపు నలభై లక్షల మంది. రాజీకి కూర్చున్నవాళ్లలో వాళ్ల మనిషి ఒక్కడూ లేడు."

"అయితే యుద్ధమే మేలంటారా?"

"అన్ని చావులను మేలని ఎలా అంటాను? కానీ 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాకే యుద్ధం మొదలైందంటే ఒప్పుకోను. బర్న్స్ లాంటివాళ్ల మీద అది తరతరాలుగా సాగుతూనే ఉంది."

"ఆ బర్న్స్ ఏమయ్యాడు?"

"మరుసటి ఏడాది చందాలు పోగుచేసి, డబ్బు కట్టి విడిపించారు. కెనడా వెళ్లి చర్చిలో పాస్టరయ్యాడు. 1862లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, ముప్పయ్యేళ్లయినా నిండకుండా పోయాడు. బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో వచ్చింది."