రెండు ప్రతినిధుల సభలు

ఆలయంలో జరిగే తెలుగు తరగతిలో ఒకనాడు పెద్దపిల్లలకు ‘విధి’ అనే పదం చెబుతున్నాము. దానికి కర్తవ్యమనీ అర్థం ఉంది, తలరాత అనీ అర్థం ఉంది. ఉదాహరణకు ‘ఓటు వేయడం పౌరుని విధి’ అని బల్లమీద రాశాము. ఆ ఏడే పద్దెనిమిది నిండిన ఒక విద్యార్థి చేయి ఎత్తి, “మాస్టారూ, ఈ వాక్యంలో విధి అంటే ఏ అర్థమండీ?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. అతడు మాత్రం నవ్వలేదు. తాను ఓటరుగా నమోదు కాదలచుకోలేదని, రెండు పార్టీలూ తనకు ఒకటేనని చెప్పాడు. “మీరు కూడా దక్షిణాఫ్రికాలో ఓటు వేయలేదని గర్వంగా చెప్పారు కదా?” అని మా మాటే మాకు అప్పగించాడు.

చెప్పిన మాట నిజమే. మేమిద్దరమూ డర్బన్‌లో పుట్టినవాళ్ళం. మా ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి గిర్మిట్ మీద నేటాల్ చెరకుతోటలకు వెళ్ళారు. మొదటి ఏడు జీతం నెలకు 10 షిల్లింగులు. 1895 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం తీరాక అక్కడే ఉండదలచిన వారు ఏటా 3 పౌండ్లు పన్ను కట్టాలి. అది ఆరు నెలల జీతం. మరుసటి ఏడు, 1896లో, భారతీయులు శాసనసభ ఓటర్ల జాబితాలో కొత్తగా చేరే దారి మూసివేశారు. పన్ను 1914లో పోయింది. ఓటు మాత్రం 1994 వరకు రాలేదు.

మధ్యలో 1984లో ఒక వింత ఓటు వచ్చింది. తెల్లవారికి ఒక సభ, ‘కలర్డ్’ అని ముద్ర వేసినవారికి ఒక సభ, భారతీయులకు 45 మందితో ఒక చిన్న సభ. దేశంలో అత్యధికులైన నల్లవారికి ఏమీ లేదు. మనకిచ్చిన సభ పేరు హౌస్ ఆఫ్ డెలిగేట్స్, అంటే ప్రతినిధుల సభ. ఎన్నిక ఆగస్టు 28న. అప్పుడు మేము కొత్తగా పెళ్ళయి, ప్రభుత్వ బడుల్లో పనిచేస్తున్నాము. సాయంకాలపు తెలుగు బడి ముగియగానే పక్క వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఓటు వేయవద్దని బతిమాలేవాళ్ళము. ఉద్యోగం పోతుందేమోనన్న భయం లేకపోలేదు. ఒక ముసలమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి, టీ ఇచ్చి, “ఇన్నేళ్ళకు ఒక ముద్ద పెడుతుంటే, అదీ వద్దంటారేం నాయనా?” అంది. పక్కవాడి కంచం ఖాళీగా ఉందని చెప్పాము. ఆమె ఒప్పుకోలేదు. ఆమె ఓటు వేసిందో లేదో మాకు తెలియదు కాని, నమోదైన భారతీయులలో సుమారు 20 శాతం మందే ఆ రోజు ఓటు వేశారు. రాని ఓట్లే ఆనాటి తీర్పు.

2001లో ఉపాధ్యాయులుగానే వర్జీనియాకు వచ్చాము. పౌరసత్వం వచ్చాక చేతికందిన మొదటి ఓటుపత్రం మీద అదే పేరు కనిపించింది: హౌస్ ఆఫ్ డెలిగేట్స్. ఈ రాష్ట్రపు దిగువసభకు అదే పేరని అప్పటికే తెలుసు. తెలిసినా, కలం పట్టిన చేయి కొంచెంసేపు ఆగింది.

అబ్బాయి నిరాశను తేలికగా కొట్టివేయలేము. 2000లోనూ 2016లోనూ దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారు అధ్యక్షులు కాలేదు. 2024లో ప్రచారమంతా ఏడు రాష్ట్రాల చుట్టూ తిరిగింది. మన వర్జీనియా వాటిలో లేదు. నియోజకవర్గాల హద్దులు గీసే చోట ఓటరు తన ప్రతినిధిని ఎన్నుకోవడం పోయి, ప్రతినిధే తన ఓటర్లను ఎన్నుకునే విద్య బాగా పెరిగింది. ఇక డబ్బు సంగతి చెప్పనక్కరలేదు. 2014 నాటి మధ్యంతర ఎన్నికలలో అర్హుల్లో 40 శాతం మంది కూడా ఓటు వేయలేదంటే, వారందరూ సోమరులని అనడానికి మాకు మనసు రాదు. దక్షిణాఫ్రికాలోనూ అదే తీరు. 1994 ఏప్రిల్ 27న మేము గంటల తరబడి నిలబడిన వరుసలు ఇప్పుడక్కడ లేవు. 2024లో నమోదైన వారిలో 58 శాతం మందే వచ్చారు.

పెద్దలు కొందరు ఇక్కడ వెంటనే గీతను తెస్తారు. ఫలం ఆశించకుండా ఓటు వేయమంటారు. మాకది సరిపోయినట్టు తోచదు. ఓటు ఫలం కోరి వేసేదే. ఫలం అక్కరలేని ఓటును పార్టీలు ఎంతో ఇష్టంగా తీసుకుంటాయి.

కాబట్టి అబ్బాయికి నీతి చెప్పలేదు. మేము చేసిన పని ఒకటి చెప్పాము. 2017 నవంబరులో ఈ రాష్ట్రపు ఎన్నిక జరిగిననాడు మేము ఇంట్లో కూర్చున్నాము. ప్రచార కాగితాలతో చెత్తబుట్ట నిండింది, మనసూ విరిగింది. మాలాగే నమోదైనవారిలో సగానికి పైగా ఆ రోజు రాలేదు. మేముండేది న్యూపోర్ట్ న్యూస్‌లో, అప్పటి 94వ నియోజకవర్గం. మొదటి లెక్కలో ఒకరికి 10 ఓట్ల ఆధిక్యం. మళ్ళీ లెక్కిస్తే రెండోవారికి ఒక ఓటు ఆధిక్యం. మర్నాడు ముగ్గురు న్యాయమూర్తులు వివాదంలో ఉన్న ఒక ఓటుపత్రాన్ని పరిశీలించారు. అందులో రెండు పేర్ల పక్కనున్న గుళ్ళూ నింపి, ఒకదానిమీద గీత గీసి ఉంది. దాన్ని మొదటివారికి లెక్కవేశారు. ఇద్దరికీ 11,608 చొప్పున సమానమయ్యాయి. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో రెండు పేర్లను ఫిల్ము డబ్బీలలో పెట్టి, ఒక పింగాణీ పాత్రలో వేసి, చీటీ తీశారు. ఆ చీటీతో సభ 51-49 అయింది. రెండో పేరు వచ్చి ఉంటే 50-50 అయ్యేది. మాలో ఒక్కరు వెళ్ళి ఉన్నా ఆ పాత్ర అక్కరలేకపోయేది. విధికి ఉన్న రెండర్థాలూ ఆ రోజు ఒకేచోట కనిపించాయి.

దీన్ని పెంచి చెప్పడం కూడా న్యాయం కాదు. ఆ సభలో పేదల వైద్య సహాయం విస్తరించదని మేము భయపడ్డాము. అదే ఏడు, అదే సభ దాన్ని ఆమోదించింది. ఒక్క ఓటు ప్రపంచాన్ని తిప్పదు.

అయినా 1984లో మేము మానుకున్న ఓటూ, 2017లో మానుకున్న ఓటూ ఒకటి కావు. మొదటిది మేము నలుగురితో కలిసి, పేరు చెప్పి, గడప గడపకూ వెళ్ళి మానుకున్నాము. నల్లవారికి లేని సభ మాకూ వద్దన్నాము. ఎంతమంది రాలేదో లోకమంతా లెక్కపెట్టింది. రెండోది తలుపు వేసుకుని మానుకున్నాము. మా మౌనం నిరసనో నిద్రో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ రాని ఓటును ఎవరూ లెక్కపెట్టరు, ఆ చోటును వచ్చినవారు నింపుకుంటారు. రెండు పార్టీలూ నచ్చవంటే, ఆ ఇద్దరు అభ్యర్థులను నిలబెట్టే ప్రాథమిక ఎన్నికకు వచ్చేవారు ఇంకా తక్కువ. వర్జీనియాలో పార్టీ పేరుతో నమోదు ఉండదు, ఏ పార్టీ ప్రాథమిక ఎన్నికలోనైనా ఓటు వేయవచ్చు. ఈ సంగతి తరగతిలో ఒక్కరికీ తెలియదు. వారి తల్లిదండ్రులకూ తెలియకపోవచ్చు.

ఇదే రాష్ట్రంలో ఒకప్పుడు ఓటు వేయాలంటే ఏటా ఒకటిన్నర డాలరు పన్ను కట్టాలి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి చెందిన ఆనీ హార్పర్ అనే నల్లజాతి స్త్రీ దాన్ని న్యాయస్థానానికి ఈడ్చింది. 1966లో సుప్రీంకోర్టు ఆ పన్ను చెల్లదన్నది. మా 3 పౌండ్ల కథ విన్న పిల్లలు ఈమె కథ విన్నప్పుడు కొంత నిశ్శబ్దంగా కూర్చున్నారు.

అబ్బాయి అంతా విన్నాడు. తరువాత, “ఒక్కరే ఎందుకు వెళ్తారు మాస్టారూ? వెళ్తే ఇద్దరూ వెళ్ళేవారు. ఇద్దరి ఓటూ ఒకవైపేనా?” అని అడిగాడు.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆ ఏడు మా ఇద్దరి మాటా ఒకటి కాదు. వెళ్ళినా ఒకరి ఓటు మరొకరి ఓటును కొట్టివేస్తుందని నవ్వుకునే ఇంట్లో ఉండిపోయాము. ఇద్దరమూ వెళ్ళి ఉంటే లెక్క 11,609 చొప్పున తేలి, ఆ పింగాణీ పాత్ర ఎలాగూ వచ్చేది.

అదే చెప్పాము. అప్పుడు నవ్వాడు అబ్బాయి. బల్లమీది వాక్యాన్ని చెరపబోతుంటే, వచ్చే వారం దాకా ఉంచమన్నాడు.