ధనుర్దాసుని గొడుగు

శ్రీరంగమున ఉత్సవ సమయము. ఎండ మండుచుండెను. ఉరైయూరు మల్లుడు ధనుర్దాసు తన భార్య హేమాంబకు గొడుగు పట్టి, ఆమె కన్నులనే చూచుచు వెనుకకు నడచుచుండెను. ఎందరినో మట్టి కరపించిన మల్లుడు ఆడుదానికి గొడుగు పట్టుటయా యని వీధివారు పకపక నవ్విరి. అతడు లక్ష్యపెట్టలేదు.

భగవద్రామానుజులు మాత్రము నవ్వక, పిలిపించి కారణమడిగిరి. ఇట్టి కన్నులు లోకమున వేరు లేవనియు, అవి యెండకు వాడిపోరాదనియు అతడు దాపరికము లేక విన్నవించెను. అంతకు మించిన కన్నులు చూపినచో నేమందువని యడిగి, స్వామి యతనిని శ్రీరంగనాథుని సన్నిధికి గొనిపోయిరి. అచ్చట అతని చూపు నిలిచిపోయెను. దంపతులిరువురును ఆచార్యుని ఆశ్రయించిరి.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. ఉడయవరులు అతనిని భార్యను విడువుమనలేదు. సేవకు సిగ్గుపడని ఆ మనస్సునే పెరుమాళ్ల వైపు త్రిప్పిరి. జ్వరపడిన ఇల్లాలికి గంజి కాచి యిచ్చుటకు, ఇరుగుపొరుగువారు చూతురేమోనని తలుపు మూసికొను పురుషులు నేడును కలరు. వారు ఏ మల్లులను గెలిచిరో!

కావేరికి స్నానమునకు పోవునపుడు బ్రాహ్మణ శిష్యుని ఊతగొను యతిరాజులు, స్నానానంతరము ధనుర్దాసుని భుజముపై చేయి వేసి మఠమునకు మరలెడివారని గురుపరంపరా కథనము. శిష్యులలో కొందరు గొణిగిరి. ఆ చేయి ఆ భుజము మీదనే యుండెను.