అలకకు ఒక రోజు

బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది. ఆషాఢ అమావాస్యనాడు జగదల్‌పూర్‌లో దంతేశ్వరి గుడి ముందు రథానికి తెచ్చిన తొలి దుంగకు పూజ చేయడంతో పండుగ మొదలు. 2023లో అధిక శ్రావణం వచ్చి 107 రోజులైంది. రావణ దహనం లేని దసరా ఇది, అంతా అమ్మవారిదే. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్‌కు వచ్చి రాజ్యం నిలుపుకున్నాడనీ, దంతేశ్వరి ఆయన వెంట వచ్చిన తల్లి అనీ అక్కడ చెప్పుకుంటారు. తెలుగువాణ్ని కాబట్టి నాకు ఆ గుడి పరాయిదనిపించదు.

అన్ని రోజులు ఎందుకంటే, అక్కడ ప్రతి పనికీ మనుషులున్నారు. వాళ్లు వచ్చేదాకా పని ఆగుతుంది. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్‌ల వాళ్లు వచ్చి రథం చెక్కాలి. మిర్గాన్ల ఇంటి చిన్నపిల్ల ముళ్ల ఊయల మీద పడుకుని అనుమతి ఇవ్వాలి. హల్బా యువకుడొకడు పండుగ నిర్విఘ్నంగా సాగాలని గుంటలో కూర్చుని తొమ్మిది రోజులు తపస్సు చేయాలి. పెద్ద రథాన్ని కిలేపాల్ వైపు వాళ్లు లాగాలి. ఈ కట్టుబాట్లలో కొన్నింటి బరువు పేదల మీదే పడుతుందని నాకు తెలుసు, ఆ పసిపిల్ల ముళ్లమీద పడుకోవడం నన్ను కలవరపెడుతుంది. కానీ నా మనసు పట్టుకుని వదలనిది విజయదశమి రాత్రి జరిగేది.

ఆ రాత్రి ఆదివాసీలు రాజు మీద అలిగి రథాన్ని దొంగిలించి ఊరి శివార్లలోని కుమ్హడాకోట్‌కి లాక్కుపోతారు. మర్నాడు రాజు స్వయంగా అక్కడికి వెళ్లి, కొత్త బియ్యం అన్నం వాళ్లతో కలిసి తిన్నాకే రథం వెనక్కి వస్తుంది. 1948లో సంస్థానం విలీనమైపోయింది. అయినా రాజకుటుంబం వెళ్తూనే ఉంది. ఆ తర్వాత మురియా దర్బారు. 1876 నుంచీ జనం తమ గోడు నిలబడి చెప్పుకునే చోటది.

కాలమే అన్నీ మాన్పుతుందంటారు. మా ఇంట్లో మాన్పలేదు. పొలం గట్టు దగ్గర ఒక మాట జారి నాన్న, చిన్నాన్న పలకరింపులు మానేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట గట్టిపడిందే తప్ప కరగలేదు. ఇద్దరికీ బాధే. ఎదురుపడితే ఇద్దరి కళ్లూ కిందికే చూస్తాయి. వెళ్లడానికి ఒక రోజంటూ లేదు, అంతే. పెళ్లిలో అలకపాన్పు పెట్టుకున్న మనం, అల్లుడి అలక తీర్చడానికి వేళ కేటాయించిన మనం, అన్నదమ్ముల అలకకు ఏ తిథీ ఉంచుకోలేదు. కోపం తప్పనిసరిగా వస్తుందని ముందే ఒప్పుకుని, దానికి ఏటా ఒక రాత్రినీ, తీర్చడానికి ఒక పగలునూ పక్కన పెట్టిన బస్తర్ వాళ్ల తెలివి నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

సంక్రాంతికి కొత్త బియ్యం తీసుకుని చిన్నాన్న ఇంటికి వెళ్దామన్నాను. "ముందు వాడు రావాలిగా" అన్నారు నాన్న. కుమ్హడాకోట్ సంగతంతా చెప్పి, "అక్కడికి వెళ్లేది రాజే నాన్నా" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, భోగినాడా, పండుగనాడా అని అడిగారు.